యెరూషలేము యాత్రకు పదకొండు ఫారాలు

2018 జూన్ మొదటి వారంలో నన్ను మహబూబ్‌నగర్ డివిజనల్ ఆఫీసు నుంచి వనపర్తికి బదిలీ చేశారు. సాధారణ బీమా కంపెనీలో అప్పటికి నాకు ముప్పై రెండేళ్ల సర్వీసు. రిటైర్మెంటుకు రెండేళ్లు మిగిలి ఉన్నాయి. సాధారణ బీమా అంటే ప్రాణానికి కాకుండా మిగతావాటికి చేసేది: బండికి, బర్రెకు, దుకాణానికి, దవాఖాన ఖర్చుకు. వనపర్తిలో ఉన్నదాన్ని మా భాషలో మైక్రో ఆఫీసు అంటారు, అది పేరుకు తగ్గట్టే ఉండేది. ఎరువుల దుకాణం పైన మేడగదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక బీరువా, నేను. నా హోదా అసిస్టెంట్ మేనేజరు. పొద్దున తాళం తీసి గది ఊడ్చేది కూడా ఆ అసిస్టెంట్ మేనేజరే.

పనిలో ముప్పావు వంతు ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు. మిగిలింది పశువులు. బీమా చేసిన ప్రతి బర్రె చెవికి నంబరు బిళ్ల వేస్తాం. బర్రె చనిపోయినప్పుడు ఆ బిళ్ల తెచ్చి చూపించాలి, లేదంటే క్లెయిము రాదు. ఈ ఒక్క నియమం మా ప్రాంతపు రైతులకు నాకంటే బాగా తెలుసు. విదేశీ ప్రయాణ బీమా మాత్రం అక్కడ అడిగేవాళ్లు లేరు. ఆ ఫారాలు బీరువా అడుగు అరలో కట్ట విప్పకుండా ఉండేవి. వనపర్తి నుంచి విదేశాలకు పోయేవాళ్లు ఉన్నారు, కానీ వాళ్ల టికెట్లు, బీమాలు హైదరాబాదులోనే అయిపోతాయి.

ఆ ఏడు దసరా దాటాక బాలస్వామి అనే మనిషి మెట్లెక్కి వచ్చాడు. వీపనగండ్ల మండలంలో ఒక పల్లె ఆయనది. వయసు అరవై ఐదు ఉంటుంది, తెల్లచొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. తన పేరు చెప్పకముందే "మేస్త్రిని సారు" అన్నాడు. మా పాలమూరులో ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేదు. బయటి పాఠకుల కోసం చెప్తాను. కాలువలు, డ్యాములు, రోడ్లు వేసే చోట్లకు మా జిల్లాల నుంచి కూలీలు గుంపులు గుంపులుగా పోయేవారు. ఆ గుంపును కూర్చేవాడు, లారీ ఎక్కించేవాడు, అక్కడ పని చేయించి మళ్లీ ఊరికి చేర్చేవాడు మేస్త్రి. బాలస్వామి ఆ పని మానేసి పదేళ్లు దాటిందట. ఇప్పుడు ఊళ్లో చర్చికి సంఘ పెద్ద.

ఫైలులో ఆయనదీ కలిపి పదకొండు పాస్‌పోర్టులున్నాయి. అన్నీ కొత్తవి, ఒక్క ముద్ర కూడా పడనివి. సంఘంలో పదకొండు మంది ఐదేళ్లుగా కూడబెట్టుకుని జనవరి చివర్లో యెరూషలేము యాత్రకు పోతున్నారు. జోర్డాను, యెరూషలేము, ఈజిప్టు, మొత్తం పన్నెండు రోజులు. పాస్‌పోర్టులు తిరగేస్తే పదకొండు మందిలో ఎనిమిది మంది జనవరి ఒకటో తారీఖునే పుట్టారు. మా దగ్గర అది మామూలే. పుట్టిన రోజు తెలియనివాళ్లందరికీ బడిపంతులో, ఆధార్ ఆపరేటరో పెట్టే తారీఖు అది.

బాలస్వామి వచ్చిన పని ఒక ప్రశ్న. "ట్రావెల్సోళ్లు ఇన్సూరెన్సు మీ ఇష్టం అన్నరు సారు. తీసుకోవాల్నా, వద్దా? నువ్వు అమ్మేటోనివి, తీసుకో అనే అంటవు. గని జర నిజం చెప్పు."

నాకు ఆ మాట నచ్చింది. ముప్పై రెండేళ్లలో నన్ను అంత సూటిగా అనుమానించినవాళ్లు తక్కువ. నిజమే చెప్పాను. ఏమీ కాకపోతే కట్టిన సొమ్ము తిరిగి రాదు, నూటికి తొంభై మందికి ఏమీ కాదు. అయితే మాత్రం అక్కడ ఒక్క రోజు దవాఖానలో పడుకుంటే ఇక్కడ ఎకరం అమ్మాల్సి రావచ్చు. మనిషి పోతే శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు కూడా ఇందులోనే ఉంటుంది.

చివరి మాటకు ఆయన ముఖం మారింది. ఒక సంగతి చెప్పాడు. మహారాష్ట్రలో కాలువ పని మీద ఉన్నప్పుడు ఆయన గుంపులో ఒక పడుచువాడు జ్వరంతో చనిపోయాడు. వారం నుంచి జ్వరం ఉన్నా ఎవరికీ చెప్పలేదు. శవాన్ని సిమెంటు లారీలో వేసుకుని రెండు రోజులు ప్రయాణం చేసి తల్లికి అప్పగించాడట. ఆ తల్లి ఏమన్నదో చెప్పబోయి ఆగిపోయాడు. "ఆదివారం మా ఊరికి రా సారు, అందరికి చెప్పు" అని లేచాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక పోయాను. చిన్న చర్చి, రేకుల కప్పు, చాపల మీద పదకొండు మంది కూర్చున్నారు. అందరూ యాభై దాటినవాళ్లే, దాదాపు అందరూ ఒకప్పుడు బాలస్వామి గుంపులో పని చేసినవాళ్లే. నేను చెప్పాల్సింది చెప్పాను. వెనక కూర్చున్న ఒక ముసలాయన లేచి, "యెరూషలేముల సస్తె గంత అదృష్టం ఎవరికొస్తది సారు? దానికి గూడ బీమానా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఈ బీమా చావుకంటే ఎక్కువగా చావకుండా మంచం పట్టినవాడికి పనికొస్తుందని చెప్పాను. మంచం పట్టే అదృష్టం మాత్రం ఎవరూ కోరుకోలేదు. తీసుకుందామని పదకొండు మందీ ఒప్పుకున్నారు.

ఇక ఫారాలు. ప్రపోజల్ ఫారంలో పేరు, వయసు, ప్రయాణపు తారీఖులు, నామినీ తర్వాత ఒక పెద్ద గడి ఉంటుంది. బీపీ, షుగరు, గుండె జబ్బు, ఆస్తమా, మూత్రపిండాల జబ్బు లాంటివి ఇదివరకే ఉన్నాయా? ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి ఆ ప్రశ్న తెలుగులో చదివి వినిపించాను. బాలస్వామి నా కుర్చీ వెనక నిలబడి నాకు పేర్లు అందించాడు.

"ఏం లేదు సారు, మంచిగున్న."

మొదటి మనిషి అదే అన్నాడు. రెండో మనిషీ అంతే. పదకొండో మనిషి, బాలస్వామి దాకా అదే జవాబు, అదే మాటలతో. ఒకామె నేను ప్రశ్న పూర్తి చేయకముందే అనేసింది. నేను పదకొండు గళ్లలో పదకొండు 'లేదు'లు రాశాను. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. టీ తాగి, మోటారు సైకిలు ఎక్కి వచ్చేశాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. యాభై దాటిన పదకొండు మందిలో ఒక్కరికీ బీపీ లేదు, షుగరు లేదు అంటే ఆ ఊరు స్వర్గమన్నా అయి ఉండాలి, అక్కడి మాట అబద్ధమన్నా అయి ఉండాలి. బీమా మనిషిగా అది నాకు కూర్చున్న చోటే తెలిసింది. తెలిసీ రాశాను. ఫారం మీద ఉన్నది వాళ్ల మాట, వాళ్ల వేలిముద్ర, నాదేం పోయింది అనుకున్నాను. ఆ ఏడాది నా టార్గెటు కూడా వెనకబడి ఉంది. మా వృత్తికి పరమ నిజాయితీ అనే సూత్రం ఉంది. బీమా తీసుకునేవాడు తనకు తెలిసినదంతా అడిగినప్పుడు చెప్పాలి. దాస్తే, అవసరం వచ్చిన రోజు కంపెనీ ఆ దాచినదాన్నే చూపించి పాలసీని రద్దు చేయవచ్చు. అంటే ఆ పదకొండు మందికి నేను అమ్మబోయింది పనికిరాని కాగితం కావచ్చు. ఈ సంగతి నాకు తెలుసు, వాళ్లకు తెలియదు.

నాలుగో రోజు పొద్దున నేను తాళం తీసేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. ఆ పదకొండు మందిలో ఒకరు, సుందరమ్మ. పాస్‌పోర్టులో యాభై ఆరు. "అరవై ఉంటయేమో, ఎవరు రాసిండ్రు?" అన్నది తర్వాత. అప్పుడు మాత్రం లోపలికి కూడా రాకుండా గుమ్మంలోనే, "నా కాయిదం వాపసియ్యి సారు. నాకు బీమా వద్దు" అన్నది.

కింది నుంచి టీ తెప్పించాను. ఎందుకు వద్దో చెప్పమన్నాను. కొంగు అంచు చూసుకుంటూ మెల్లగా చెప్పింది. బీమా తీసుకున్నవాళ్లను కంపెనీవాళ్లు మిషన్లు పెట్టి పరీక్ష చేస్తారని ఊళ్లో ఎవరో అన్నారట. ఆమెకు బీపీ ఉంది, షుగరు ఉంది, నాలుగేళ్ల నుంచి. వీపనగండ్ల దవాఖానకు పోతే ఊరివాళ్లు చూస్తారని, ఆత్మకూరులో అక్క ఇంటికి పోయే నెపంతో అక్కడ గోలీలు కొనుక్కుంటుంది.

"మేస్త్రికి తెలిస్తె నా పేరు కొట్టేస్తడు సారు."

ఆయన అంత చెడ్డవాడిలా కనిపించలేదే అన్నాను. ఆమె నా అమాయకత్వానికి నవ్వింది. "చెడ్డోడు కాదు. మేస్త్రి. గాయన ఎట్ల అడుగుతడో నీకు తెల్వదు."

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటి చెప్పింది. నేను కోడేరు దగ్గరి రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా ఊరి నుంచీ లారీలు పోయేవి. కానీ నేను లారీ ఎక్కినవాణ్ణి కాదు. గుంపు బయలుదేరే రోజు బాలస్వామి గానీ, అంతకుముందటి మేస్త్రి గానీ అందరినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి మొహం చూస్తూ "మంచిగున్నవా?" అని అడిగేవాడట. "మంచిగున్న" అన్నవాళ్లు లారీ ఎక్కాలి. నసిగినవాళ్ల పేరు కొట్టేసి పక్క మనిషిని పిలిచేవాడు. ఆమె పన్నెండేళ్ల వయసు నుంచి ఆ మాటే అన్నది. ఒంట్లో జ్వరం ఉన్నా అన్నది, మూడో నెల కడుపుతో ఉన్నప్పుడూ అన్నది. అది ఆరోగ్యం గురించి చెప్పే జవాబు కాదు, లారీ ఎక్కే హక్కు. ఆదివారం నేను పెన్ను పట్టుకుని అడిగింది వాళ్లకు అదే ప్రశ్న. అడిగేటప్పుడు నా వెనక నిలబడింది ఆ మేస్త్రే.

నాకు నా మీదే కోపం వచ్చింది. మూడు దశాబ్దాలు మనుషులను ప్రశ్నలు అడిగి బతికినవాణ్ణి, ఎవరి ముందు అడుగుతున్నానో చూసుకోలేదు.

"ఇరవై ఊర్లు తిరిగిన సారు" అన్నది సుందరమ్మ. "నాసిక్ దిక్కు పోయిన, గుజరాత్ పోయిన, ఒడిశ పోయిన. ఒక్క ఊరు సూడలే. పనికే పోయిన. గిది ఒక్కటి సూడనీకి పోతున్న. బీమా లేకుంటె లేదు. నా పేరు పోవద్దు."

ఆమె ముందు ఉన్న దారులు విడమరచి చెప్పాను. బీమా లేకుండా పోవచ్చు, ఎవరూ ఆపరు. జబ్బు దాచి బీమా తీసుకోవచ్చు, అది ఉన్నా లేనట్టే. జబ్బు చెప్పి తీసుకోవాలంటే డాక్టరు రిపోర్టు కావాలి, అదనపు ప్రీమియం పడుతుంది, పైఆఫీసు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోనూ వచ్చు. ఒప్పుకున్నా ఆ జబ్బులకు మామూలు ఖర్చు ఇవ్వరు. ప్రాణం మీదికి వస్తే ఒక హద్దు దాకా ఇస్తారు.

ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. "చెప్తె ఎవరెవరికి తెలుస్తది?"

నాకు, డాక్టరుకు, మహబూబ్‌నగర్‌లో ఒక అధికారికి అన్నాను. మేస్త్రికి? తెలియదన్నాను. మాట ఇస్తవా అన్నది. ఇచ్చాను. టీ చల్లారిపోయింది. ఆమె దాన్ని అట్లాగే తాగేసి, "రాయి" అన్నది.

ఆమె పోయాక పదకొండు ఫారాలూ చింపేశాను. మరుసటి ఆదివారం మళ్లీ పోయి, ఫారంలో తప్పు దొర్లింది, కొత్తవి రాయాలని చెప్పాను. దొర్లిన మాట నిజమే, ఎవరిదో మాత్రం చెప్పలేదు. చర్చి పక్కన డోళ్లు, చాపలు పెట్టుకునే చిన్న గది ఉంది. ఒక్కొక్కరినీ అందులోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాను. జబ్బు ఉందా అని ఎవరినీ అడగలేదు. "పొద్దున లేచి ఏ గోలి వేసుకుంటారు?" అని అడిగాను. ఈ ప్రశ్నకు జవాబు అలవాటు లేదు కదా, మొదటి మనిషి ఒక్క క్షణం తడబడి, "తెల్లది ఒకటి, గులాబిది సగం" అన్నాడు. పదకొండు మందిలో ఏడుగురికి గోలీలున్నాయి. ఒకామె ఉప్పు జాడీ వెనక దాచుకుంటుందట. ఇంకొకాయన ఎద్దుల కొట్టంలో, గోడ సందులో. యెరూషలేములో చావు గురించి నవ్వించిన ముసలాయనకు మాత్రం నిజంగానే ఏమీ లేదు. డెబ్బై ఏళ్లొచ్చినా ఆయన మంచిగున్నాడు.

అందరికంటే చివర బాలస్వామి వచ్చాడు. తలుపు తానే వేశాడు. కూర్చోలేదు. మూడేళ్ల కింద హైదరాబాదులో తన గుండెకు స్టెంటు వేశారని, పెళ్లికి పోయానని ఊళ్లో చెప్పానని, భార్యకు తప్ప ఎవరికీ తెలియదని చెప్పాడు. "మేస్త్రికే గుండె బాగలేదంటె ఎన్క ఎవరొస్తరు సారు?" అన్నాడు. అది కూడా రాసుకున్నాను, ఆ ఏడుగురిలో ఆయనా ఒకరు.

తర్వాతి నెల పరుగులు పెట్టాను. జబ్బు చెప్పిన ఏడుగురికీ ఈసీజీ పట్టీ, రక్తపరీక్ష, డాక్టరు సంతకం కావాలి. సుందరమ్మ దగ్గర చిక్కు వచ్చింది. వనపర్తి డాక్టరు ఆమె బీపీ చూసి ప్రయాణానికి సంతకం పెట్టనన్నాడు. విచారిస్తే, ఆమె తల తిరిగిన రోజున మాత్రమే బీపీ గోలి వేసుకుంటోంది. తిరగని రోజు దండగ అనుకుంది. రోజూ వేసుకుని మూడు వారాల తర్వాత రమ్మన్నాడు డాక్టరు. ఆ మూడు వారాల్లో ఆమె నాలుగుసార్లు వనపర్తి వచ్చి బీపీ చూపించుకుంది. ప్రతిసారీ నా ఆఫీసు మెట్లెక్కి, ఏమంత పని లేనట్టు, అంకె చెప్పి పోయేది. నాలుగోసారి డాక్టరు సంతకం పెట్టాడు. ఆ రోజు ఆమె మెట్లు ఎక్కిన చప్పుడు కింది దుకాణం దాకా వినిపించి ఉంటుంది.

డివిజనల్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అవతల నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన అధికారి. ఇన్ని జబ్బులు ఎందుకు రాశారు, ఏమీ లేదని రాసి ఉంటే కంప్యూటరే పాలసీ ఇచ్చేది కదా అన్నాడు. నాకు సాధారణంగా గొంతు లేవదు. ఆ రోజు లేచింది. జబ్బు లేదని రాసి ప్రీమియం తీసుకుని, తర్వాత జబ్బుందని క్లెయిము ఎగ్గొట్టడానికేనా మనం ఆఫీసు తెరిచింది అన్నాను. అయితే రిపోర్టులు స్కాన్ చేసి పంపమన్నాడు. ఏడింటికీ అదనపు ప్రీమియంతో అనుమతి వచ్చింది. ఆ కుర్రాడి మంచితనం కూడా ఇక్కడ రాయకపోతే తప్పు.

అంతా సర్దుకుంది అనుకున్నప్పుడు బాలస్వామి వచ్చాడు. ఈసారి ఫైలు లేదు. సుందరమ్మ ఊరికూరికే వనపర్తి బస్సెక్కుతోందని ఎవరో ఆయన చెవిన వేశారు. ఎవరెవరికి ఏ జబ్బుందో లిస్టు ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. ఫారంలో ఉన్నది కంపెనీకీ ఆ మనిషికీ మధ్య మాట, మూడో మనిషికి చెప్పే అధికారం నాకు లేదన్నాను.

"మూడో మనిషినా? తోల్కపోయేటోన్ని నేను. ఎవరన్న పడిపోతె వాళ్లింటోళ్లకు నేను జవాబు చెప్పాలె. ఇంతకుముందు ఒక తల్లికి చెప్పిన, ఇంకోపారి చెప్ప."

ఆయన కోపంలో న్యాయం ఉంది, అదే నన్ను ఇబ్బంది పెట్టింది. నేను కదలకపోయేసరికి, "ఇయ్యకు. వచ్చే ఆదివారం అందర్ని మా ఊరి గుట్ట ఎక్కిస్త. ఎవరు ఎగపోసుకుంటరో వాళ్ల పేరు తీసేస్త" అన్నాడు. అన్నది చేసి తీరే మనిషి ఆయన. సుందరమ్మ సంగతి నాకు తెలుసు. పేరు పోకూడదని ప్రాణం పోయినా గుట్ట ఎక్కుతుంది. ఎక్కి మీద నిలబడి మంచిగున్న అంటుంది.

నేను తెల్లకాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టాను. "సరే మేస్త్రీ, లిస్టు రాస్తాను. మొదటి పేరు ఎవరిది రాయాలో మీకు తెలుసు కదా?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. కాగితాన్ని చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు. "గుట్ట ఎక్కుడు నాతోని గూడ కాదు సారు" అన్నాడు. ఆయన నవ్వడం నేను మొదటిసారి చూశాను.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న మొదటి రోజే అడగవలసింది. నడుమల ఎవరన్నా పడిపోతే ఏం చేయాలి? ఫోను నంబరు ఒకటి ఉంటుంది, పగలూ రాత్రీ ఎత్తుతారు, దవాఖానలో చేర్చిన వెంటనే దానికి చెప్పాలి, పాలసీ నంబరు చదవాలి అని వివరించాను. ఆ రెండు నంబర్లూ పెద్ద అంకెలతో రాసిమ్మన్నాడు. పదకొండు కార్డులు రాశాను. పదకొండూ మెడలో వేసుకునే యాత్ర గుర్తింపు కార్డుల వెనక అంటించాడు. గుట్ట మాట మళ్లీ ఎత్తలేదు.

జనవరి చివర్లో వాళ్లు పోయారు. ఐదో రోజు ఉదయం నా కంప్యూటరులో ఒక సందేశం ఉంది. విదేశాల్లో మా క్లెయిములు చూసే సంస్థ పంపింది. జోర్డానులో ఒక దవాఖాన, సుందరమ్మ పేరు, పాలసీ నంబరు. ఆమె షుగరు, బీపీ గురించి ప్రపోజల్‌లో ముందే తెలిపారా, ధ్రువపరచండి అని అడిగారు. ఫారం స్కాన్ తీసి పంపాను. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. దవాఖాన ఖర్చుకు ఆమోదం, రోగి పరిస్థితి నిలకడగా ఉంది.

మొత్తం కథ సుందరమ్మ తిరిగి వచ్చాక చెప్పింది. ఆ రోజు బైబిలులో మోషే చనిపోయిన కొండకు పోతున్నారట. పవిత్ర స్థలం కదా అని ఆమె ముందురోజు నుంచి ఉపవాస ప్రార్థనలో ఉంది. తిండి మానింది, షుగరు గోలి మాత్రం డాక్టరు రోజూ వేసుకోమన్నాడని తప్పకుండా వేసుకుంది. బస్సు కొండ ఎక్కుతుంటే షుగరు పడిపోయి చెమటలు పట్టాయి, కళ్లు బైర్లు కమ్మాయి.

"వెనకటి లెక్కన ఐతె నోరు మూసుకుని కూసుందును సారు. గోలీల సంగతి నీకు, డాక్టరుకు చెప్పి చెప్పి నోరు తిరిగింది. నాకు బాగలేదు, బస్సు ఆపుండ్రి అన్న. మేస్త్రి లేచి డ్రైవరు కాడికి ఉరికిండు. ఆపిండ్రు."

అక్కడ ఆగి, నాకు అర్థమైందో లేదో అన్నట్టు చూసింది.

"నలభై ఏండ్లు లారీలల్ల తిరిగిన. నాకోసం బండి ఆపుడు గదే మొదలు."

దవాఖానలో ఒక పూట గ్లూకోజు ఎక్కించి పంపేశారు. ఆ పూట బాలస్వామి మిగతావాళ్లను కొండకు పంపి తాను ఆమె దగ్గరే కూర్చున్నాడు. గోలీల వేళకు తన జేబులోంచి పొట్లం తీసి ఆమె ఎదురుగానే వేసుకున్నాడట. అది గుండె గోలి అని ఆయనే చెప్పాడు. మరుసటి రోజు ఇద్దరూ అందరితో కలిసి జోర్డాను నదిలో దిగారు. మిగిలిన వారం రోజులు పొద్దున నాష్టా దగ్గర ఏడుగురూ ఎవరి గోలీలు వాళ్లు బల్ల మీద పెట్టుకుని వేసుకున్నారట. ఎవరైనా మరిచిపోతే ముసలాయన గుర్తు చేసేవాడు. ఆయనకు వేరే పని లేదు కదా.

నేను 2020లో రిటైరయ్యాను. ఇప్పటికీ తెలిసినవాళ్లు పెద్ద ప్రయాణం పెట్టుకుంటే ఫోను చేసి, బీమా తీసుకోవాలా వద్దా అని అడుగుతారు. నేను తిరిగి ఒకటి అడుగుతాను. మీరు రోజూ ఏ గోలీ వేసుకుంటారో మీతో వచ్చేవాళ్లలో ఒక్కరికైనా తెలుసా? తెలుసు అంటే బీమా తీసుకోమంటాను, ఏం రాయాలో చెప్తాను. తెలియదు అంటే, ముందు వాళ్లకు చెప్పి తర్వాత నాకు ఫోను చేయమంటాను. పడిపోయినప్పుడు బండి ఆపాల్సింది మా కంపెనీ కాదు, పక్క సీటులో ఉన్న మనిషి.